ప్లేటు నాలుగొందల ఇరవై

రెడ్డిగూడెం చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా పెళ్ళి భోజనం బాగుందంటే వండింది బుచ్చయ్య అని అర్థం. బాగాలేదంటే ఆ పూట బుచ్చయ్య ఇంకో పెళ్ళిలో ఉన్నాడని అర్థం. వయసులో ఉన్నప్పుడు మామిడి తోటల్లో కాయలు కోసే కూలీ అతను. తోటలో పనివాళ్ళకి వండిపెడుతూ వండిపెడుతూ పెళ్ళిళ్ళ వంటమాస్టరయ్యాడు. పాతికేళ్ళుగా అదే బతుకు. భార్య సుజాత కూడా అతనితో పాటే పొయ్యి దగ్గర నిలబడేది. ఒక్కగానొక్క కూతురు హారికని మాత్రం ఇద్దరూ ఆ దరిదాపులకి రానివ్వలేదు.

"నేను గరిటె పట్టింది నువ్వు పట్టకుండా ఉండటానికేనమ్మా" అనేవాడు బుచ్చయ్య.

ఇంటర్ పాసయ్యాక హారిక నర్సింగు వద్దంది. ఇంజనీరింగూ వద్దంది. హైదరాబాదులో ఒక కాలేజీ ఉందనీ, అందులో చేరతాననీ చెప్పి రంగుల పుస్తకం ఒకటి తండ్రి ముందు పెట్టింది.

"వంట నేర్చుకోడానికి కాలేజీ ఏంటే?" అన్నాడు బుచ్చయ్య.

"వంట కాదు నాన్నా. కలినరీ ఆర్ట్స్."

"అంటే?"

హారిక కాసేపు ఆలోచించింది. "వంటే" అని ఒప్పుకుంది.

"ఎంతంట?" అడిగింది సుజాత.

"మూడేళ్ళకీ ఫీజు అయిదు లక్షల నలభై వేలు. హాస్టలూ, యూనిఫారాలూ, కత్తుల సెట్టూ కలుపుకుంటే ఏడున్నర."

"కత్తులు కూడా మనమే కొనుక్కోవాలా?" అంది సుజాత. ఆ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువున్నవి కత్తిపీటలూ కత్తులే.

రెండు రోజులు బుచ్చయ్య కూతురితో మాట్లాడలేదు. మూడో రోజు ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని బొమ్మలు చూశాడు. ఒక బొమ్మలో తెల్లకోటూ పొడుగు టోపీ వేసుకున్న వంటవాడికి సూటు వేసుకున్న పెద్దమనిషి నవ్వుతూ చెయ్యి కలుపుతున్నాడు. బుచ్చయ్య ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. పాతికేళ్ళలో అతనికి ఎవరూ చెయ్యి కలపలేదు. చేతిలో డబ్బులు పెట్టేవారు, అదీ బేరమాడి. మైలవరంలో కొనుక్కున్న మూడు సెంట్ల ఇంటి స్థలాన్ని అమ్మకానికి పెట్టమని మర్నాడే బ్రోకరుకి చెప్పాడు.

చేర్పించడానికి ముగ్గురూ హైదరాబాదు వెళ్ళారు. కాలేజీ ఆఫీసులో కూర్చున్న అమ్మాయి చల్లటి నీళ్ళిచ్చి, "మా దగ్గర హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ సార్" అంది. బుచ్చయ్యకి మొదటి మూడు మాటలూ బాగా అర్థమయ్యాయి. నాలుగో మాటకి అర్థం తెలియడానికి మూడేళ్ళు పట్టింది. ఉద్యోగం ఇప్పించరు, వెతుక్కుంటుంటే సాయం చేస్తారు.

తర్వాత వంటగది చూపించారు. అద్దం గోడ అవతల ఇరవై మంది పిల్లలు ఉల్లిపాయలు కోస్తున్నారు. ఒకబ్బాయి కోసిన ముక్కని స్కేలుతో కొలుస్తున్నాడు. బుచ్చయ్య నిలబడి చూస్తుండగా ఆ అబ్బాయికి ఒక ఉల్లిపాయ పూర్తవడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. బుచ్చయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు, లోపలికెళ్ళి కత్తి లాక్కుంటానేమోనన్న భయంతో.

"మీరేం చేస్తుంటారు సార్?" అడిగింది ఆఫీసు అమ్మాయి.

"చిన్న వ్యాపారం అండీ" అన్నాడు బుచ్చయ్య.

హారిక మూడేళ్ళూ బుద్ధిగానే చదివింది. పేర్లు పలకడానికే వారం పట్టే సాసులు చేసింది, రొట్టెలు కాల్చింది, కోడిని ఎనిమిది ముక్కలుగా కొట్టడం నేర్చుకుంది. ఒక్క పేపరు మాత్రం ఆమెకి బొత్తిగా కొరుకుడు పడలేదు. ఫుడ్ కాస్టింగ్. పళ్ళెంలోకి వచ్చే ప్రతి గింజకీ ఖరీదు కట్టి, మనుషుల కూలీ, గ్యాసు, పాడైపోయేది అన్నీ కలిపి ధర తేల్చే లెక్క. 'వంట చేద్దామని వస్తే ఈ లెక్కలేంటి' అని తిట్టుకుంటూ ఒకసారి తప్పి, రెండోసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది.

ఉద్యోగం కూడా వచ్చింది. అదీ ఫైవ్‌స్టార్ హోటల్లో. సుజాత వీధి వీధంతా స్వీట్లు పంచింది. జీతం ఎంతని అడిగినవాళ్ళకి "మొదట్లో కదా" అని చెప్పి ఊరుకుంది. నెలకి పదిహేను వేల అయిదొందలు. రోజుకి పన్నెండు గంటలు నిలబడే పని. మొదటి ఆరు నెలలూ బంగాళాదుంపల తొక్కలు, తర్వాత సలాడ్ ఆకులు.

"నా దగ్గర ఉల్లిపాయలు కోసే నాగేశ్వరమ్మకి రోజుకి ఏడొందలు. పైగా భోజనం, ఇంటికి గిన్నెడు పులుసు" అన్నాడు బుచ్చయ్య ఒకరోజు భార్యతో.

"ఆ మాట దానితో అనకు" అంది సుజాత.

ఏడాది తిరిగేసరికి ఏప్రిల్ వచ్చింది. హోటల్లో మామిడి పండగ పెట్టారు. మెనూ కార్డు చూసి హారిక పొంగిపోయింది. అందులో 'నూజివీడు మామిడికాయ పప్పు' అని ఉంది. పక్కన ధర, అయిదొందల తొంభై అయిదు. పరుగున వెళ్ళి గోడకి అంటించిన తయారీ కాగితం చదివింది. కందిపప్పు, మామిడికాయ, పంచదార, క్రీమ్.

"సర్, మాది నూజివీడు దగ్గరేనండీ. పప్పులో క్రీమ్ వెయ్యరు. పంచదారా వెయ్యరు" అంది తన పై చెఫ్‌తో.

ఆయన మంచివాడే. విసుక్కోలేదు. "కార్డులో ఏముంటే అదే హారికా. అన్ని బ్రాంచీల్లోనూ ఒకే రుచి రావాలి కదా" అన్నాడు.

నూజివీడు పప్పులో నూజివీడు పిల్లకి దొరికిన పని ఒక్కటే. చిన్న పట్టకారుతో ఒక్కొక్క కొత్తిమీర ఆకు తీసి, గిన్నెలో పప్పు మీద నిలబెట్టడం. ఇరవై రెండు రోజులు నిలబెట్టింది. మధ్యలో ఇంటికి ఫోన్ చేసి ధర చెప్పింది.

"ఎంతమందికి?" అన్నాడు బుచ్చయ్య.

"ఒక్కళ్ళకే. చిన్న గిన్నె."

"మరి అన్నం?"

"అది విడిగా కొనుక్కోవాలి నాన్నా."

పండగ అయిన మర్నాడు రాజీనామా ఇచ్చి, కత్తుల పెట్టె పట్టుకుని హారిక రెడ్డిగూడెం బస్సెక్కింది. బుచ్చయ్య ఆ పెట్టె అందుకుని లోపల పెట్టాడు, అంతే. తిట్టకపోవడమే ఆమెకి ఎక్కువ బాధనిపించింది. ఆ వారంలోనే హారిక తల్లితో పాటు మైలవరం వెళ్తే, అమ్మిన స్థలం పక్కనుంచి కొత్త రోడ్డు పడుతోంది. రేటు రెట్టింపైందని ఎవరూ అడక్కుండానే చెప్పారు.

ఊరికే కూర్చోలేక తండ్రితో పనిలోకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇప్పుడు బుచ్చయ్య వద్దనలేదు. ఏడున్నర లక్షలు పోశాక వద్దనడానికి ఏం మిగిలింది?

మొదటి రోజే ఆమెకి ఒక సంగతి తట్టింది. తండ్రి దేన్నీ కొలవడు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి తీసి గుండిగలో విసిరేస్తాడు. రెండు వందల మంది తినే పప్పుకి మూడు చేతులు. "నాన్నా, ఆగు" అని, కాలేజీలో కొన్న చిన్న త్రాసు తెచ్చి, ఆ చేతి కింద గిన్నె పట్టింది. నూట పన్నెండు గ్రాములు. రెండో చెయ్యి నూట పదమూడు. మూడోది నూట పన్నెండు. మర్నాడు ఇంకో ఊళ్ళో, ఇంకో ఉప్పుతో మళ్ళీ తూచింది. నూట పన్నెండే.

"ఏంటి, తక్కువైందా?" అన్నాడు బుచ్చయ్య కంగారుగా.

"లేదు నాన్నా" అంది హారిక. త్రాసు పక్కన పెట్టేసి చాలాసేపు అతని చేతినే చూస్తూ ఉండిపోయింది. మూడేళ్ళు స్కేలు పెట్టి కొలిపించిన కాలేజీలో ఒక్కరి చెయ్యి కూడా అలా పడటం ఆమె చూడలేదు.

ఇంటికొచ్చాక ఆమె ఇంకో పని చేసింది. తాను అసహ్యించుకున్న ఆ లెక్క తీసి, మైలవరంలో అప్పుడే చేసి వచ్చిన ఆరొందల మంది ఫంక్షనుకి కట్టింది. బుచ్చయ్య ఎప్పుడూ చెప్పే రేటు ప్లేటుకి నూట తొంభై. సరుకులు, కట్టెలు, గ్యాసు, ఆటో, కూలీలు, విస్తళ్ళు అన్నీ పోను ప్లేటుకి మిగిలింది ఏడు రూపాయలు. మొత్తం నాలుగు వేల రెండొందలు. మూడు రోజులు, ఇద్దరు మనుషులు.

"అంటే మీ ఇద్దరికీ మనిషికి రోజుకి ఏడొందలు. నాగేశ్వరమ్మత్తకి ఇచ్చేదే" అంది.

బుచ్చయ్య కాగితం కేసి చూడనైనా చూడలేదు. "ఇన్నాళ్ళూ తిన్నాం కదా. నిన్ను చదివించాను కదా" అన్నాడు.

"స్థలం అమ్మి చదివించావు నాన్నా."

ఆ మాటకి అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మే నెలలో లక్ష్మీనరసింహారావు వాళ్ళింటికి వచ్చాడు. ఆయనకి నలభై ఎకరాల మామిడి తోట ఉంది. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా జరిగిన శుభకార్యాలన్నిటికీ బుచ్చయ్యే వండాడు. ప్రతిసారీ ఆయన బేరమాడేవాడు, పోయినసారి నూట తొంభైని నూట ఎనభై ఐదుకి దింపాడు. ఆ రోజు మాత్రం కూర్చోకుండానే మాట్లాడాడు.

"బుచ్చయ్యా, మా అమ్మాయి సుప్రజకి నిశ్చితార్థం, ఆరొందల మంది వస్తారు. ఈసారి నీకు ఇవ్వలేకపోతున్నానయ్యా. బెంగళూరులో ఉద్యోగం కదా, చెఫ్ కావాలంటోంది. విజయవాడ వాళ్ళు ప్లేటుకి ఆరొందల యాభై చెప్పారు."

"అలాగేనండీ" అన్నాడు బుచ్చయ్య.

లోపల్నుంచి హారిక వచ్చింది. "నేను చెఫ్‌నేనండీ" అంది.

నరసింహారావు ఆమెని ఎగాదిగా చూశాడు. ఎక్కడ చదివిందీ, ఎక్కడ పనిచేసిందీ అడిగాడు. హోటలు పేరు వినగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హారిక ఫోన్లో ఒక మెనూ చూపించింది. అందులో మామిడికాయ పప్పు, 'రా మ్యాంగో దాల్ విత్ కర్రీ లీఫ్ తడ్కా' అయింది. ముక్కల పులుసు 'ఫార్మ్ వెజిటబుల్ స్ట్యూ' అయింది.

"ఇది బాగుందే. మేం ఎప్పుడూ తినలేదు" అన్నాడాయన. "ఎంత పడుతుందమ్మా?"

"ప్లేటు నాలుగొందల ఇరవై అండీ."

ఆయన లేచి వెళ్ళిపోతాడనుకున్నాడు బుచ్చయ్య. నరసింహారావు తలూపి, "సరేనమ్మా" అన్నాడు. పైసా బేరమాడలేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఒక్క సంగతమ్మా. మీ నాన్నతో మాత్రం వండించకు. వియ్యాలవారు పెద్దవాళ్ళు. మామూలు వంటైతే బాగుండదు. ఏం బుచ్చయ్యా, తప్పుగా అనుకోవుగా?"

"అయ్యో, ఎంతమాటండీ" అన్నాడు బుచ్చయ్య.

కారు వెళ్ళిపోయాక ముగ్గురూ అక్కడే నిలబడ్డారు.

"ఆరొందల మందికి వండుతావా?" అడిగాడు బుచ్చయ్య.

"వండలేను నాన్నా. మా కాలేజీలో నలభై మందికి మించి ఎప్పుడూ వండలేదు."

"మరి?"

"నువ్వే వండాలి."

బుచ్చయ్య మొహం ఎర్రబడింది. "నా వంట నేను దొంగచాటుగా వండుకోవాలా? పైగా నాలుగొందల ఇరవై! చేసే పనికి తగ్గ నంబరే పెట్టావు."

సుజాత కల్పించుకుంది. "చూడవయ్యా. తినేది వాళ్ళే, వండేది నువ్వే. పేరొకటేగా మారింది. ఆ పేరు కోసమేగా మనం స్థలం అమ్మింది. మరి వాడుకోవద్దా?"

నిశ్చితార్థం రోజు శామియానా వెనక తెర కట్టించారు. తెర వెనక గాడిపొయ్యి మీద బుచ్చయ్య, సుజాత, వాళ్ళ మనుషులు. తెర ముందు తెల్లకోటులో హారిక. రెడ్డిగూడెం తోటలోంచి తెప్పించిన నాటు పుల్ల మామిడికాయలు, ఎండుమిర్చీ ఇంగువా వేసిన పోపు. క్రీమ్ లేదు, పంచదార లేదు. ఎప్పటి పప్పే. విస్తట్లో బదులు తెల్లటి గిన్నెల్లో పోశారంతే. పట్టకారు తేలేదు గానీ, అలవాటైన చెయ్యి కదా, హారిక ప్రతి గిన్నెలోనూ ఒక కొత్తిమీర ఆకు నిలబెట్టింది.

రెండో బంతికే పప్పు అయిపోయిందని కబురొచ్చింది. బుచ్చయ్య మళ్ళీ వండాడు. వియ్యాలవారి పెద్దాయన చెయ్యి కడుక్కుని వచ్చి హారికకి చెయ్యి కలిపాడు. సుప్రజ ఆమెతో సెల్ఫీ దిగింది. తెర సందులోంచి బుచ్చయ్య అంతా చూశాడు. కూతురికి చెయ్యి కలిపినప్పుడు అతనికి సంతోషంగానే ఉంది. గర్వంగా కూడా ఉంది. అది తన పప్పుకి కలిపిన చెయ్యి అన్న సంగతి కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.

భోజనాలు పూర్తవుతుండగా నరసింహారావు మెచ్చుకుందామని తెర పక్కకి జరిపి వెనక్కే వచ్చేశాడు. ఎదురుగా గుండిగ ముందు, చెమటతో తడిసిన బనీనులో, చేతిలో తెడ్డుతో బుచ్చయ్య.

హారిక వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"అమ్మాయి దగ్గర అసిస్టెంటుగా చేరానండీ" అన్నాడు బుచ్చయ్య తడుముకోకుండా. "నేర్చుకుంటున్నాను."

నరసింహారావు మొహం విప్పారింది. దగ్గరికొచ్చి బుచ్చయ్య భుజం తట్టాడు. "మంచి పని చేశావయ్యా. ఈ వయసులో నేర్చుకోవడానికి పెద్ద మనసుండాలి. ఏమాటకామాటే చెప్పుకోవాలి బుచ్చయ్యా, ఇరవై ఏళ్ళుగా నీ పప్పు తింటున్నాను. ఇవాళ్టిది వేరు. చాలా ఇంప్రూవ్ అయ్యావు."

"అంతా అమ్మాయి చలవండీ" అన్నాడు బుచ్చయ్య.

అక్కడికక్కడే రెండు లక్షల యాభై రెండు వేలూ హారిక చేతిలో పెట్టి, ఆయన దండం కూడా పెట్టాడు.

తిరిగి వస్తుంటే వ్యానులో గిన్నెల మధ్య కూర్చుని సుజాత ముందు నవ్వింది. "ఇంప్రూవ్ అయ్యావంట" అంది. బుచ్చయ్య కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. హారికకి నవ్వు రాలేదు. ఖర్చులన్నీ పోను లక్షా అయిదు వేలు మిగిలాయని ఆమెకి తెలుసు. తండ్రి పాతిక పెళ్ళిళ్ళు చేస్తే మిగిలే సొమ్ము. అది చేతిసంచిలో ఉంది, కానీ సంచిని ఒళ్ళో పెట్టుకోబుద్ధి కాలేదు.

"ఇంకెప్పుడూ తెర కట్టను నాన్నా" అంది.

మర్నాడే విజయవాడ వెళ్ళి కార్డులు అచ్చు వేయించింది. పైన పెద్ద అక్షరాల్లో 'బుచ్చయ్య, మాస్టర్ చెఫ్'. కింద చిన్న అక్షరాల్లో తన పేరు. బుచ్చయ్య ఆ కార్డుని జేబులో పెట్టుకుని, టీ కొట్టు దగ్గర నాలుగుసార్లు తీసి చూసుకున్నాడు.

కార్డు ఫలితం వెంటనే కనపడింది. ఉంగుటూరు నుంచి వచ్చిన పార్టీ రేటు విని నోరెళ్ళబెట్టింది. "బుచ్చయ్య వండేదైతే నూట తొంభయ్యేగా?" అన్నారు. హారిక దిగలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంకో పార్టీ కూడా అలాగే పోయింది.

"నా పేరు తీసెయ్యమ్మా" అన్నాడు బుచ్చయ్య. "ఉంటే నష్టమేగా."

"తియ్యను."

"సీజను పోతోందే!"

"పోనీ."

మూడో పార్టీ రెండు గంటలు బేరమాడి మూడొందల పది దగ్గర ఒప్పుకుంది. ఆ ఫంక్షనులో బుచ్చయ్య తెర లేకుండా వండాడు. నాలుగోది మూడొందల ముప్ఫైకి కుదిరింది. నాలుగొందల ఇరవై మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. నూట తొంభైకి మళ్ళీ వీళ్ళూ వెళ్ళలేదు.

జూన్ ఆఖర్లో ఉంగుటూరు నుంచి కిరాణా కొట్టు నారాయణరావు తన కూతురు నవ్యని వెంటబెట్టుకుని వచ్చాడు. నవ్య ఇంటర్ అయిపోయింది. తండ్రి చేతిలో రంగుల పుస్తకం ఉంది. అదే కాలేజీ. ఫీజు ఇప్పుడు ఆరు లక్షల ఎనభై వేలు.

"మీ అమ్మాయి చదివింది కదా బుచ్చయ్యగారూ. అంత పెట్టొచ్చంటారా?" అడిగాడు.

"పెట్టండి" అన్నాడు బుచ్చయ్య.

"వద్దు అంకుల్" అంది హారిక.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"అదేంటమ్మా, వద్దంటావ్?" అన్నాడు బుచ్చయ్య. "నువ్వు చదవబట్టేగా నా కష్టానికి ధరెంతో నాకు తెలిసింది. పాతికేళ్ళు వండాను, ఒక్కడు చెప్పాడా?"

"ఆ లెక్క పేపరు ఒక్కటీ వారం రోజుల పని నాన్నా. మిగతా మూడేళ్ళకి ఎవరు ఖర్చు పెట్టాలి? ఏడాది పాటు పదిహేను వేలకి నేను చేసింది నువ్వు చూశావా?" అని, నారాయణరావు వైపు తిరిగి అన్నీ చెప్పింది. బంగాళాదుంపలు, పన్నెండు గంటలు, కొత్తిమీర ఆకు.

నారాయణరావు శ్రద్ధగా విన్నాడు. "అయితే ఫైవ్‌స్టార్ ఉద్యోగం మాత్రం గ్యారంటీ అన్నమాట" అన్నాడు.

నవ్య ఇప్పుడు నోరు విప్పింది. "అక్కా, మీరైతే మళ్ళీ చేరతారా?"

వద్దనడం తేలిక. కానీ తెల్లవారుజామున బేకరీ గదిలో మొదటిసారి తన చేత్తో రొట్టె పొంగినప్పటి వాసన గుర్తొచ్చింది. అది అబద్ధం కాదు.

"చేరతానేమో" అంది హారిక. "కాకపోతే ముందు ఒక ఏడాది నాన్న దగ్గర పనిచేసి వెళ్ళేదాన్ని. అప్పుడు అక్కడ ఏం కొనుక్కుంటున్నానో తెలిసి కొనుక్కునేదాన్ని. ఆదివారం మైలవరంలో ఫంక్షనుంది, కావాలంటే రా. ఉల్లిపాయలు కోద్దువుగాని. రోజుకి ఏడొందల యాభై ఇస్తున్నాం ఇప్పుడు."

నారాయణరావు ఉలిక్కిపడ్డాడు. "మా అమ్మాయి పెళ్ళిళ్ళలో ఉల్లిపాయలు కొయ్యడమేంటమ్మా! నలుగురూ ఏమనుకుంటారు?"

"కాలేజీలో అయినా మొదట కోయించేది అవేనండీ" అన్నాడు బుచ్చయ్య.

"అది వేరండీ. అక్కడ ఫీజు కట్టి కోస్తుంది."

నవ్య తండ్రి చేతిలోని పుస్తకం తీసుకుని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎన్నింటికి రమ్మంటారక్కా?" అంది.